అత్తగారి పెట్టెలో ఉత్తరాలు: మనిషికంటే ముందు ఊరిని వెతకండి

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు. చాలా ఏళ్ళుగా నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటున్నాను. మావారు ఇక్కడివారే, అమెరికన్. ఈమధ్య మా అత్తగారు ఇల్లు మారుతూ ఒక రేకు పెట్టె తెచ్చి నాకిచ్చారు. అందులో పద్దెనిమిది పాత ఉత్తరాలున్నాయి. అన్నిటికంటే పాతది 1796లో ఇక్కడికి దగ్గర్లోని సాల్స్‌బరీ నుంచి రాసింది. ఆఖరిది 1841లో టెన్నెస్సీలోని మోరీ కౌంటీ (మన జిల్లాలాంటిది) నుంచి. "నా పిల్లలకి ఓపిక లేదు, ఇది నీవల్లే అవుతుంది" అన్నారావిడ. తమ మూలపురుషుడు 1620లో ఇంగ్లండు నుంచి వలసదారుల్ని తెచ్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చాడని వాళ్ళింట్లో అందరూ చెబుతారు. నెట్‌లో వాళ్ళ ఇంటిపేరు మీద ఒక వంశవృక్షం కూడా దొరికింది, 1620 దాకా పోతోంది. కానీ ఉత్తరాల్లో మనుషులు దానితో కలవడం లేదు. ఉత్తరాల నిండా పాలీ అనే ఆవిడ ఉంది, వంశవృక్షంలో ఆ పేరే లేదు. జాన్‌లు ఇద్దరున్నారు, ఒకరు సీనియర్, ఒకరు జూనియర్. తండ్రీకొడుకులనుకుంటే వయసులు కుదరవు. ఇంకో సంగతి. 1823 నాటి ఉత్తరంలో ఒక నల్లజాతి అమ్మాయినీ ఆమె బిడ్డనీ ఎవరికో పంపుతున్నట్టు, వెలతో సహా రాసి ఉంది. అది చదివి వినిపిస్తే మా అత్తగారు ఆ ఒక్కటీ పక్కన పెట్టెయ్యమన్నారు. నాకు మనసొప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక కోడలు, షార్లెట్

సమాధానం: ముందు ఆ నెట్‌లో దొరికిన వంశవృక్షాన్ని మూసేయండి. తప్పని కాదు, తప్పో ఒప్పో తేల్చే స్థితిలో మీరింకా లేరు. పైనుంచి కిందికి దిగుతూ మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టినవాళ్ళు చివరికి ఎవరో ఒకరి ఇంట్లో తేలతారు, అది మీ అత్తగారి ఇల్లే అయి ఉండాలని లేదు. మీ అత్తగారి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరమే వెనక్కి వెళ్ళండి. ఇవాళ సాయంత్రమే ఆవిడ పక్కన కూర్చుని వాళ్ళ అమ్మానాన్నలు, తాతమ్మలు, ఎవరు ఎక్కడ పుట్టారు, ఏ శ్మశానంలో ఉన్నారు అన్నీ ఫోన్‌లో రికార్డు చేయండి. 1796 నాటి కాగితం ఇంకో ఏడాది ఆగినా ఏమీ కాదు. ఆవిడ జ్ఞాపకం ఆగదు.

ఇక ఉత్తరాలు. పాత ఉత్తరాలు చేతికొచ్చినవాళ్ళు వాటిలో తాతల్ని వెతుకుతారు. నా అనుభవంలో ఉత్తరం తాతని ఇవ్వదు, తాత ఉన్న ఊరినీ తేదీనీ ఇస్తుంది. ఆ ఊరి కోర్టు కాగితాలు తాతని ఇస్తాయి. కాబట్టి ఉత్తరం లోపల ఏముందో చదివే ముందు దాని వీపు చూడండి.

1796లో కవర్లు వాడకంలో లేవు. రాసిన కాగితాన్నే మడిచి, లక్కతో అతికించి, బయటి మడత మీద చిరునామా రాసేవారు. కాబట్టి మీ ఉత్తరం విప్పి పరిస్తే ఒక పక్క మధ్యలో చిరునామా, దాని చుట్టూ మడతల గీతలు, లక్క ఊడినచోట చిన్న చిరుగు కనిపిస్తాయి. ఆ చిరుగులో ఒకటి రెండు మాటలు పోయి ఉంటాయి, ఆ ముక్క లక్కకే అంటుకుని అవతలి అంచున ఉందేమో చూడండి. స్టాంపు కోసం వెతక్కండి. అమెరికా ప్రభుత్వం మొదటి స్టాంపులు వేసింది 1847లో. అంతకుముందు పోస్టుమాస్టరు చేత్తోనే ఊరి పేరు, తేదీ, రుసుము రాసేవాడు, ఆ రుసుము ఎక్కువసార్లు ఉత్తరం అందుకున్నవాళ్ళే కట్టేవారు. మీ చివరి ఉత్తరం నాటి రేట్ల ప్రకారం 400 మైళ్ళు దాటితే ఒక్క కాగితానికి 25 సెంట్లు. రెండో కాగితం పెడితే రెట్టింపు. అందుకే అంచుల్లో, తలకిందులుగా, ఒక్కోసారి రాసిన దాని మీదే అడ్డంగా కూడా రాశారు. చదవలేక వదిలేసిన ఆ అడ్డ రాతలోనే "పాలీకి మళ్ళీ కొడుకు పుట్టాడు" లాంటివి ఉంటాయి.

చిరునామా పక్కన పోస్టాఫీసు గుర్తు అసలేమీ లేకపోతే ఇంకా మంచిది. 1790లో దేశం మొత్తానికి 75 పోస్టాఫీసులు. చాలా ఉత్తరాలు అటువైపు వెళ్ళే మనిషి చేతికిచ్చి పంపినవే, అలాంటప్పుడు చిరునామా కింది మూలలో "ఫలానావారి చేత" అని అతని పేరు రాసేవారు. ఆ పేరు రాసుకోండి. సాల్స్‌బరీ నుంచి కొండలు దాటి టెన్నెస్సీ వెళ్ళే పనున్నవాడు, ఇంటి ఉత్తరం నమ్మి ఇవ్వదగ్గవాడు, చాలాసార్లు బంధువో, పక్క పొలంవాడో, ఒకే చర్చివాడో అవుతాడు. మీ వంశం దారి తప్పిపోయినచోట ఆ మనిషి వంశం మీకు దారి చూపిస్తుంది. ఇక్కడ వంశ పరిశోధన బాగా తెలిసినవాళ్ళంతా చేసే పని ఇదే, ఒక్క మనిషి వెంట పడకుండా అతని చుట్టూ ఉన్న స్నేహితుల్ని, సాక్షుల్ని, ఇరుగుపొరుగుని కలిపి వెతకడం.

కాగితాల్ని ఎలా చూసుకోవాలో కూడా చెప్పేస్తాను. చేతులు కడుక్కుని, బాగా ఆరాక పట్టుకోండి. గ్లవ్స్ వద్దు, వేలికి స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. టేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు. మళ్ళీ మళ్ళీ మడవకుండా ఆమ్లం లేని ఫోల్డర్లలో పరిచి పెట్టండి. ఆ కాలపు సిరాలో ఇనుముంటుంది, కొన్నిచోట్ల కాగితాన్నే తినేస్తుంది. రెండు వైపులా ఫొటో తీశాక అసలు కాగితం జోలికి వీలైనంత తక్కువగా వెళ్ళండి. సిరా వెలిసినచోట టేబుల్ లైటు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెట్టి తీయండి, కలం నొక్కిన గాడి కనబడుతుంది.

తర్వాత ఎత్తి రాయండి, ఉన్నది ఉన్నట్టు. స్పెల్లింగు దిద్దొద్దు. ఒకే ఉత్తరంలో ఒకే ఇంటిపేరు మూడు రకాలుగా ఉండొచ్చు, చెవికి వినబడినట్టు రాసుకున్న కాలం అది. పదం మధ్యలో ఎఫ్ లాగా కనిపించేది చాలాసార్లు ఆ కాలంలో రాసే పొడుగు ఎస్ అక్షరం. "12వ ఇన్‌స్టంట్" అంటే ఈ నెల 12, "అల్టిమో" అంటే పోయిన నెల. ఇది తెలియక చావు తేదీల్ని నెలరోజులు అటూ ఇటూ వేసుకున్నవాళ్ళున్నారు. చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు బాగానే వచ్చాయి, వాడుకోండి. కానీ అవి తెలియని పేరును తెలిసిన పేరుగా మార్చేస్తాయి, మనకి కావలసింది ఆ తెలియని పేరే.

ఇప్పుడు పాలీ సంగతి. ఆవిడ మీ వంశవృక్షంలో ఉండే ఉంటుంది, మేరీ అన్న పేరుతో. మేరీకి పాలీ, మార్తాకి పాట్సీ, సారాకి సాలీ, మార్గరెట్‌కి పెగ్గీ, ఆన్‌కి నాన్సీ ఆ రోజుల్లో మామూలు ముద్దుపేర్లు. థామస్ జెఫర్సన్ పెద్ద కూతురు మార్తాని పాట్సీ అనీ, చిన్న కూతురు మేరీని పాలీ అనీ పిలిచేవారు. కాబట్టి వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి, వీలునామాలో మేరీ అని, పెళ్ళి బాండులో (పెళ్ళికి ముందు వరుడు రాసిచ్చే హామీపత్రం) పాలీ అని ఉన్నా ఆశ్చర్యపోకండి.

జాన్ సీనియర్, జాన్ జూనియర్ తండ్రీకొడుకులే కానక్కర్లేదు. ఒక ఊళ్ళో అదే పేరున్న ఇద్దరిలో పెద్దవాడు సీనియర్, చిన్నవాడు జూనియర్, అంతే. బాబాయి, అన్న కొడుకు కావచ్చు, ఏ చుట్టరికమూ లేకపోవచ్చు. పెద్దాయన పోతేనో, ఊరు వదిలితేనో నిన్నటి జూనియర్ ఇవాళ సీనియర్ అయిపోతాడు. చుట్టరికాల మాటలతోనూ జాగ్రత్త. మనకి బావ వేరు, బావమరిది వేరు, తోడల్లుడు వేరు. వాళ్ళు వీళ్ళందరినీ బ్రదర్ అనే రాసేవారు, చర్చిలో తోటివాణ్ణి కూడా. కజిన్ అన్నచోట మేనల్లుడు కావచ్చు. మదరిన్‌లా అన్నచోట సవతి తల్లి కావచ్చు. అందువల్ల ఉత్తరంలో "బ్రదర్" కనిపించగానే ఇద్దరినీ ఒకే తల్లిదండ్రుల కింద వేసేయకండి.

మేఫ్లవర్ కథ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను, నాకు నమ్మకం లేదు. ఆ ఓడ 1620లో వచ్చింది ఎక్కడో ఉత్తరాన ప్లిమత్‌కి, 102 మంది ప్రయాణికులతో. అందులో దాదాపు సగం మంది మొదటి చలికాలంలోనే పోయారు. మిగిలినవాళ్ళ సంతతి మీద తరతరాలుగా పనిచేస్తున్న సంఘాలున్నాయి, మొదటి ఐదు తరాలు పుస్తకాలుగా అచ్చయ్యాయి కూడా. నిజంగా ఆ వంశమైతే మీ గొలుసు ఎక్కడో ఒకచోట ఆ పుస్తకాల్లోని పేరుకి తగలాలి. సాల్స్‌బరీ చుట్టుపక్కల 1740ల నుంచి 1770ల దాకా స్థిరపడ్డవాళ్ళలో ఎక్కువమంది పెన్సిల్వేనియా నుంచి, షెనాండోవా లోయ గుండా, గ్రేట్ వ్యాగన్ రోడ్ అనే బండ్ల బాట పట్టి దిగిన స్కాట్స్-ఐరిష్ (ఐర్లండు ఉత్తరాన స్థిరపడ్డ స్కాట్లండు సంతతివాళ్ళు), జర్మన్ కుటుంబాలు. మీవాళ్ళ ఇంటిపేరు జర్మన్‌దేమో చూడండి. ష్నైడర్ స్నైడర్ అయింది, త్సిమ్మర్‌మాన్ కొన్నిచోట్ల ఏకంగా కార్పెంటర్ అయింది. అదే అయితే మీకు అదృష్టమే, 1727 నుంచి ఫిలడెల్ఫియాలో దిగిన జర్మన్ మగవాళ్ళ చేత విధేయతా ప్రమాణం చేయించి సంతకాలు తీసుకున్నారు, ఆ జాబితాలు అచ్చులో ఉన్నాయి. స్కాట్స్-ఐరిష్ అయితే ఓడ పేరు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. ఓడల ప్రయాణికుల జాబితాలు అమెరికా ప్రభుత్వం తప్పనిసరిగా తీసుకోవడం మొదలైంది 1820లో. దానికి ముందు దొరికితే గొప్ప, దొరక్కపోతే మామూలు.

గొప్ప వంశాల మీద మోజు కొత్తదేమీ కాదు, దాన్ని అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. వందేళ్ళ కిందట గుస్టావ్ ఆంజూ అనే ఆయన డబ్బున్న కుటుంబాలకి వంశావళులు కల్పించి అమ్మేవాడు. మొదటి రెండు మూడు తరాలు నిజం, మధ్యలో ఒక దొంగ లంకె, అక్కణ్ణుంచి యూరప్ ప్రభువుల దాకా మళ్ళీ నిజం. లైబ్రరీల్లోకి చేరిన ఆ పుస్తకాల్లోంచి ఎత్తి రాసినవి ఇవాళ నెట్‌లోని చెట్లలో కాపీ మీద కాపీగా తిరుగుతున్నాయి. మీ చెట్టులో నలభై మంది ఒకే మాట రాశారంటే నలభై రుజువులని కాదు, ఒకరిని చూసి ముప్ఫై తొమ్మిది మంది రాశారని.

సరే, ఊరు తెలిసింది. ఇప్పుడు కోర్టుకి వెళ్దాం. ఇక్కడ మీకు తగలబోయే మొదటి దెబ్బ కౌంటీ హద్దులు. సాల్స్‌బరీ ఉన్న రోవన్ కౌంటీ 1753లో ఆన్సన్ నుంచి విడిపోయింది, అప్పట్లో అది కొండల దాకా పరుచుకున్న మహా కౌంటీ. దానిలోంచి 1788లో ఐర్‌డెల్, 1822లో డేవిడ్‌సన్, 1836లో డేవీ విడిపోయాయి. అంటే గడప కదలని మనిషి 1785లో రోవన్ వాసి, 1790లో ఐర్‌డెల్ వాసి. విడిపోయినప్పుడు పాత పుస్తకాలు పాత కౌంటీ దగ్గరే ఉండిపోతాయి. కాబట్టి ఇప్పటి మ్యాపు చూసుకుని వెళ్ళొద్దు. చికాగోలోని న్యూబెరీ లైబ్రరీవాళ్ళు ఏ తేదీకి ఏ కౌంటీ హద్దు ఎక్కడుందో చూపించే మ్యాపులు తయారుచేశారు, ముందు అవి చూడండి. 1796లో రాష్ట్రం అయిన టెన్నెస్సీ కూడా 1790 దాకా నార్త్ కరోలినా భూమే, కనక "నార్త్ కరోలినాలో పుట్టాడు" అన్నవాడు ఇప్పటి టెన్నెస్సీలో పుట్టి ఉండొచ్చు.

జనాభా లెక్కల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 1790లో మొదలైంది గానీ 1840 దాకా ఇంటి పెద్ద పేరొక్కటే రాశారు. మిగతావాళ్ళు అంకెలు. 1790లో అయితే పదహారేళ్ళు నిండిన తెల్ల మగవాళ్ళు ఇంతమంది, నిండనివాళ్ళు ఇంతమంది, ఆడవాళ్ళు వయసు లేకుండా మొత్తం ఇంతమంది, బానిసలు ఇంతమంది. ఇంట్లో అందరి పేర్లూ రాయడం 1850లో వచ్చింది, ఆ అందరిలోనూ బానిసలు లేరు. ఎవరు ఎవరికి ఏమవుతారో రాయడం 1880లో. 1890 లెక్కలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంతో దాదాపు మొత్తం పోయాయి. టెన్నెస్సీ 1810 లెక్కలు రూథర్‌ఫర్డ్ కౌంటీవి తప్ప దాదాపు ఏమీ మిగల్లేదు. ఇంటి పెద్ద పేరు పక్కనున్న అంకెలు కూడా పనికొస్తాయి లెండి. మీ ఉత్తరాల్లో ఉన్న పిల్లల సంఖ్య ఆ అంకెలకి సరిపోతుందో లేదో చూసుకోవచ్చు. ఇద్దరు జాన్‌లలో ఎవరిది ఏ ఇల్లో అలాగే తేలుతుంది.

అసలు సరుకు దస్తావేజుల్లో ఉంటుంది. మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో చెక్కుబందీ రాసినట్టే అక్కడి పాత దస్తావేజుల్లోనూ "ఫలానావారి పొలం మూలనున్న తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, ఉత్తరంగా 120 పోల్స్" అంటూ పక్క పొలాలవాళ్ళ పేర్లతో హద్దులు చెబుతారు. ఒక పోల్ పదహారున్నర అడుగులు. ఆ హద్దుల పేర్లు, కింద సాక్షుల పేర్లు, మీ ఉత్తరాల్లోని పేర్లు మూడూ పక్కపక్కన పెట్టండి, తీగ లాగితే డొంక కదులుతుంది. పొలం అమ్మేటప్పుడు భార్యకి అందులో హక్కు ఉండేది కాబట్టి ఆమెను భర్త వినకుండా విడిగా అడిగి ఒప్పుకుందని రాసుకునేవారు. ఆడవాళ్ళ పేర్లు దొరికే కొద్ది చోట్లలో అదొకటి. తండ్రి పోయాక ఐదారుగురు కలిసి ఒక చెక్క అమ్మారంటే, ఆ ఒక్క కాగితంలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, అల్లుళ్ళు అందరూ వరసగా నిలబడతారు.

వీలునామా రాయకుండా పోయినవాడి కాగితాలు ఒక్కోసారి వీలునామాకంటే మేలు. ఆస్తి జాబితా, దాని వెనకే వేలం జాబితా ఉంటుంది. ఇంట్లో వస్తువు వస్తువు, దాని ధర, కొన్నవాడి పేరు. భార్య తను రోజూ పడుకున్న మంచాన్ని, వండుకున్న ఇనప కుండని వేలంలో పాడుకుని తిరిగి కొనుక్కున్న సంగతి ఆ జాబితాల్లో మాటిమాటికీ కనిపిస్తుంది. మిగతా సామాను కొనేది అల్లుళ్ళు, తమ్ముళ్ళు, పక్కింటివాళ్ళు. పిల్లల్ని "అనాథలు" అని రాస్తే తల్లి కూడా పోయిందనుకోవద్దు. తండ్రి పోతే చాలు, కోర్టు దృష్టిలో అనాథలే. వాళ్ళకి సంరక్షకుడిగా జామీను కట్టినవాడు ఎవరో చూడండి, చాలాసార్లు మేనమామ. నార్త్ కరోలినా కౌంటీల ఈ ఎస్టేటు కాగితాలు రాలీలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, చాలా భాగం ఫ్యామిలీసెర్చ్ అనే వంశ పరిశోధన సైటులో ఉచితంగా ఫొటోలుగా దొరుకుతుంది. పెళ్ళి బాండ్లూ అంతే, 1741 నుంచి 1868 దాకా. వరుడితో పాటు జామీను ఉన్నవాడు పెళ్ళికూతురి తండ్రో అన్నో అయ్యే అవకాశం ఎక్కువ. జనన ధృవపత్రాలు మాత్రం అడక్కండి, ఈ రాష్ట్రంలో అవి 1913లో మొదలయ్యాయి.

మీ ఉత్తరాల్లో ఎక్కడైనా యుద్ధం ప్రస్తావన, పెన్షన్ ప్రస్తావన ఉందేమో మళ్ళీ చదవండి. స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసినవాళ్ళకి 1818లో ఒక పెన్షన్ చట్టం, మిలీషియా అనే స్థానిక పౌరసేనవాళ్ళని కూడా కలుపుకుని 1832లో ఇంకోటి వచ్చాయి. 1832 దాని కింద అర్జీ పెట్టుకున్న ముసలాయన కౌంటీ కోర్టులో నిలబడి కొన్ని ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఎక్కడ, ఏ ఏడు పుట్టావు? వయసుకి రాతమూలకంగా ఏమైనా ఉందా? యుద్ధంలోకి పిలిచినప్పుడు ఎక్కడుండేవాడివి, తర్వాత ఎక్కడెక్కడ ఉన్నావు, ఇప్పుడెక్కడున్నావు? వంశ పరిశోధన చేసేవాడు అడగాలనుకున్నవన్నీ ప్రభుత్వమే అడిగి పెట్టింది. "1758లో పెన్సిల్వేనియాలో పుట్టాను, పిల్లవాడిగా రోవన్ వచ్చాను, 1808లో మోరీ వచ్చాను" లాంటి జవాబు ఒక్కటి దొరికితే మీ పని సగం అయిపోయినట్టే. వితంతువులైతే పెళ్ళి రుజువు చేసుకోవాలి. చర్చి కాగితం లేనివాళ్ళు ఇంటి బైబిల్లో పుట్టుకలూ చావులూ రాసుకున్న పేజీని చింపి వాషింగ్టన్‌కి పంపేశారు. ఆ పేజీలు వెనక్కి రాలేదు, ఇప్పటికీ ఆ ఫైళ్ళలోనే ఉన్నాయి. మీ అత్తగారి పెట్టెలో బైబిల్ ఉండి మధ్యలో పేజీ లేకపోతే అదెక్కడుందో ఆలోచించండి. సుమారు 80,000 ఫైళ్ళు, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. దక్షిణాది సైనికుల అర్జీల్ని ఓపికగా ఎత్తి రాసి సదరన్ క్యాంపెయిన్స్ అనే సైటులో ఉచితంగా పెట్టారు, చేతిరాత బాధ కూడా లేదు.

ఇంత వెనక్కి వెళ్ళాక ఇంకా వెనక్కి, 1752కి ముందుకి వెళ్తే తేదీలు తికమక పెడతాయి. అప్పటిదాకా ఇంగ్లండులోనూ దాని వలసల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. 1752లో క్యాలెండరును సవరించినప్పుడు సెప్టెంబరు 2 తర్వాతి రోజుని 14 అన్నారు. జార్జ్ వాషింగ్టన్ పుట్టినప్పుడు రాసుకున్న తేదీ 1731 ఫిబ్రవరి 11, మనం చెప్పుకునేది 1732 ఫిబ్రవరి 22. రెండూ ఒకటే రోజు.

ఇక 1823 ఉత్తరం. మీకు మనసొప్పకపోవడం సబబే. అది పక్కన పెట్టాల్సిన కాగితం కాదు, ఆ పెట్టెలో అన్నిటికంటే విలువైన కాగితం అదే కావచ్చు, మీ అత్తగారి కుటుంబానికి కాకపోయినా.

ఎందుకంటారా? బానిసలుగా ఉన్నవాళ్ళ పేర్లు జనాభా లెక్కల్లో మామూలుగా కనిపించేది 1870లో మొదటిసారి. 1850, 1860ల్లో వాళ్ళకోసం విడిగా పట్టికలున్నాయి, వాటిలో యజమాని పేరు, కింద "ఆడ, 22, నలుపు" అని ఉంటుంది. మనిషి పేరు ఉండదు. ఈనాటి నల్లజాతి కుటుంబాలు తమ పూర్వీకుల్ని వెతుక్కుంటూ 1870 దాకా వచ్చి అక్కడ గోడకి తలకొట్టుకుంటాయి. ఆ గోడ అవతల పేర్లు ఉన్నది యజమానుల కాగితాల్లోనే. వీలునామాల్లో, అమ్మకం పత్రాల్లో, ఆస్తి పంపకాల్లో, ఇదిగో ఇలాంటి ఇంటి ఉత్తరాల్లో. ఒక తల్లి పేరు, ఆమె బిడ్డ, ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి, ఏ నెలలో, ఏ కౌంటీ నుంచి ఏ కౌంటీకి. ఇన్ని ఒక్కచోట ఉన్న కాగితం ఆ అమ్మాయి మునిమనవలకి ఇంకెక్కడా దొరక్కపోవచ్చు.

కాబట్టి దాన్ని మిగతా పదిహేడింటికంటే జాగ్రత్తగా ఎత్తి రాయండి. పేరు ఉన్నది ఉన్నట్టు, వయసు రాసి ఉంటే వయసు, వెల కూడా. రాసినవాడు వాడిన మాట ఎంత చెడ్డదైనా మార్చొద్దు. తర్వాత రోవన్, మోరీ దస్తావేజు పుస్తకాల్లో ఆ ఏడాది అమ్మకాలు చూడండి, మనుషుల అమ్మకాలు కూడా పొలాల అమ్మకాల పుస్తకాల్లోనే నమోదయ్యేవి. ఫ్యామిలీసెర్చ్‌లో 2024 నుంచి చేతిరాత దస్తావేజుల్ని యంత్రం చదివి ఏ మాటతోనైనా వెతకనిస్తోంది. ఇదివరకు సూచికల్లో అమ్మినవాడు, కొన్నవాడు మాత్రమే ఉండేవారు. ఇప్పుడు అమ్ముడుపోయిన అమ్మాయి పేరుతో కూడా వెతకొచ్చు. బానిసత్వం పోయిన 1865 తర్వాతి కాగితాల్లో, విడుదలైనవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో రికార్డులు, 1865 నుంచి 1874 దాకా నడిచిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతా పుస్తకాలు చూడండి, ఖాతా తెరిచేటప్పుడు తల్లిదండ్రులు, తోబుట్టువుల పేర్లు అడిగేవారు. ఆ బిడ్డ నార్త్ కరోలినాలో ఉండిపోయి ఉంటే బానిసత్వంలోనే దంపతులుగా కలిసి ఉన్నవాళ్ళని 1866లో ఈ రాష్ట్రం నమోదు చేయించిన జాబితాలు కూడా ఉన్నాయి, ఎన్నేళ్ళుగా కలిసి ఉంటున్నారో అందులో రాశారు.

కాపీ ఎవరికివ్వాలి? గ్రీన్స్‌బరో విశ్వవిద్యాలయం లైబ్రరీవాళ్ళు నార్త్ కరోలినా దస్తావేజుల్లోని బానిసల అమ్మకాల్ని పేర్లతో సహా ఒకచోట చేరుస్తున్నారు, వాళ్ళకి రాసి అడగండి. చాపెల్‌హిల్‌లోని విల్సన్ లైబ్రరీలో దక్షిణాది కుటుంబాల కాగితాలకి పెద్ద సేకరణ ఉంది, అసలు ఉత్తరాలు దానంగా తీసుకుంటారేమో కనుక్కోవచ్చు. 2023లో చార్ల్స్‌టన్‌లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో కుటుంబ చరిత్ర కోసమే ఒక విభాగం ఉంది. అసలు కాగితం ఇవ్వడానికి ఇల్లంతా ఒప్పుకోవాలి. ఫొటో ఇవ్వడానికి మీ అత్తగారు ఒక్కరు ఊ అంటే చాలు.

ఆవిడతో ఎలా మాట్లాడాలో మీకే బాగా తెలుసు. నేనైతే ఆ ఉత్తరం గురించి వాదనకి దిగను. ముందు 1870 పట్టిక ఒకటి, 1860 పట్టిక ఒకటి ప్రింటు తీసి ఆవిడ ముందు పెడతాను. పేరున్న పేజీ, పేరు లేని పేజీ. తనవాళ్ళ ఉత్తరాల కోసం ఇన్నాళ్ళు పెట్టె దాచుకున్న మనిషికి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. పక్కన పెట్టమన్నది సిగ్గుతోనే గానీ దాచాలని కాకపోవచ్చు. కోడలు కదా అని మీరు తగ్గి ఊరుకోవద్దు, పెట్టె మీకే ఇచ్చారు.

సాల్స్‌బరీ మీకు కారులో గంట దూరం. రోవన్ పబ్లిక్ లైబ్రరీలో చరిత్ర గది ఉంది, ఒక శనివారం పెట్టుకోండి. వెళ్ళేముందు వేళలు కనుక్కుని, పెన్ను కాకుండా పెన్సిల్ పట్టుకెళ్ళండి. ఉత్తరాలు మాత్రం తీసుకెళ్ళొద్దు, ఫొటోలు చాలు. మోరీ కౌంటీకి టెన్నెస్సీలోని కొలంబియా ఊళ్ళో సొంత ఆర్కైవ్స్ ఉంది, ముందు ఈమెయిల్‌తో అడగండి. అడిగేటప్పుడు "మా వంశం గురించి చెప్పండి" అంటే ఎవరూ చెప్పలేరు. "1823 నుంచి 1841 మధ్య ఫలానా పేరుతో ఎస్టేటు ఫైలు ఉందా" అనండి.

మీరు అడగలేదు గానీ, డీఎన్ఏ కిట్ గురించి రేపైనా అడుగుతారు. కొంటే మీవారికి కాదు, మీ అత్తగారికి కొనండి, ఆవిడ ఒప్పుకుంటేనే. ఒక్కో తరం కిందికి వస్తుంటే పాతవాళ్ళ భాగం సగం సగం తగ్గిపోతుంది, 1796 నాటివాళ్ళకి ఆవిడ మీవారికంటే ఒక మెట్టు దగ్గర. అయినా అంత వెనకటి తరాలనుంచి ఏమీ అందకపోయే అవకాశం కూడా ఉంది, కిట్ వచ్చి కాగితం పని తప్పిస్తుందనుకోవద్దు. ఇంకొకటి ముందే ఆవిడకి చెప్పి ఉంచండి. వచ్చే బంధువుల జాబితాలో నల్లజాతి కజిన్లు ఉండే అవకాశం బాగా ఉంది, ఆ కాలపు ఇళ్ళలో ఏం జరిగేదో దానికి ఆ జాబితాలే సాక్ష్యం. వాళ్ళలో ఎవరైనా "మా మోరీ కౌంటీ ముత్తవ్వ గురించి మీకేమైనా తెలుసా" అని రాస్తే జవాబు ఇవ్వండి, 1823 ఉత్తరం ఫొటో జతచేసి.